మూడో వారంలో మళ్లీ దడ వస్తే ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. గుండె లయ తప్పుతోందని (ఏట్రియల్ ఫిబ్రిలేషన్) మూడు వారాల కిందట హైదరాబాద్‌లో అబ్లేషన్ చేశారు. పోయిన వారం ఓ రాత్రి మళ్లీ దడ వచ్చి అరగంటకు తగ్గింది. అప్పట్నుంచి మంచం దిగట్లేదు. పది నిమిషాలకోసారి నాడి చూసుకుంటున్నారు, అర్ధరాత్రి నన్ను లేపుతున్నారు. తొడ మీద కమిలింది చూసి మా అత్తగారు రక్తం పలచబడే మాత్రలు ఆపేయమంటున్నారు. చుట్టాలు డబ్బంతా దండగైందంటున్నారు. కొట్టూ ఇల్లూ నేనే చూసుకుంటున్నాను. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మాత్రల సంగతి. అవి ఒక్క పూట కూడా ఆపకండి. మీవారికి గజ్జల్లోని సిర గుండా సన్నటి గొట్టం పంపి, గుండె ఎడమ పై గదిలో ఊపిరితిత్తుల సిరలు కలిసే చోట చుట్టూ వేడితో కాల్చి మచ్చ పడేలా చేశారు. అబ్లేషన్ అంటే ఇదే. ఆ పుండు మానేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే దడ ఉన్నా లేకున్నా కనీసం రెండు నెలలు ఈ మాత్రలు వాడాలి. తర్వాత కొనసాగించాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగర్ వంటివి చూసి డాక్టర్ తేలుస్తారు. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేయకండి, రక్తం పలచబడే మాత్రలతో అవి కలిస్తే రక్తస్రావం జరగొచ్చు. పారాసెటమాల్ చాలు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆవిడ కొడుకు తొడ చూసి తల్లడిల్లుతున్నారు, అంతే. కమిలిన చోటు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేసి ఆవిడకే చూపించండి. ఈపాటికి అది పసుపు, ఆకుపచ్చ రంగుల్లోకి తిరిగి పాలిపోతూ ఉండాలి. కిందికి మోకాలి వైపు జారినా భయం లేదు. గట్టి గడ్డలా పెరుగుతున్నా, వేలు పెడితే కొట్టుకుంటున్నట్టు తగిలినా, చీము పట్టినా అదే రోజు డాక్టర్‌కు చూపించి డాప్లర్ స్కాన్ (రక్తనాళాల్లో రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయించాలి. అప్పుడు కూడా మాత్రలు ఆపే మాట డాక్టర్ నోటి నుంచే రావాలి.

ఇక దడ. కాలిన కండ వాచి ఉంటుంది, మచ్చ పూర్తిగా గట్టిపడదు. అందుకే మొదటి రెండు మూడు నెలల్లో ఇలా రావడం మామూలే, దాన్ని బట్టి ఫెయిలైందని ఏ డాక్టరూ తేల్చరు. కూర్చుని ఉన్నప్పుడు కూడా నాడి మునుపటికన్నా పది, ఇరవై ఎక్కువ కొట్టుకోవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే నరాల కొసలు కూడా కొన్ని కాలడమే కారణం. కొందరికి రెండోసారి అబ్లేషన్ అవసరమవుతుంది, ఆ మాట దాచను. కానీ అది తేలేది ఈ గడువు దాటి ఈసీజీ, హోల్టర్ (రోజంతా ఒంటికి తగిలించి గుండె లయను నమోదు చేసే పరికరం) చూశాకే. చుట్టాలడిగితే ఇంతే చెప్పి మాట మార్చేయండి.

నాడి చూసుకోవద్దంటే ఆయన వినరు. నిజమైన భయం అది, కసిరితే పోదు. రోజుకు రెండుసార్లని ఒప్పందం చేసుకోండి: పొద్దున, సాయంత్రం, ఐదు నిమిషాలు కూర్చున్నాక, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం. లయ తప్పినప్పుడు పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే అంకె తప్పొస్తుంది. ఒక నోట్‌బుక్‌లో అంకె రాయండి. దడ వస్తే ఎప్పుడు, ఎంతసేపు, అప్పుడేం చేస్తున్నారో కూడా రాయండి. డాక్టర్‌కు అది బాగా పనికొస్తుంది.

ఛాతీ కోసిన ఆపరేషన్ కాదు కాబట్టి ఇన్నాళ్లు మంచం మీద ఉండనక్కర్లేదు, ఉంటే భయమే పెరుగుతుంది. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి, రేపట్నుంచి చదునైన చోట పది నిమిషాలు, రెండు పూటలా నడిపించండి. తర్వాత గల్లాపెట్టె దగ్గర ఓ గంట కూర్చోబెట్టండి. బియ్యం బస్తా మాత్రం డాక్టర్ సరేనన్నదాకా ముట్టనివ్వకండి. ఆయన గురక పెడుతున్నా, మందు అలవాటున్నా మొహమాటపడకుండా డాక్టర్‌కు చెప్పండి. రెండూ లయను మళ్లీ చెడగొట్టేవే. వారంలో రెండు రాత్రులైనా ఆయన పక్కన పిల్లలో, మరిదో పడుకునేలా చూసి మీరు వేరే గదిలో నిద్రపోండి.

అరుదైనదే అయినా తెలియాల్సిన ప్రమాదం ఒకటుంది. అన్నవాహిక గుండె ఎడమ పై గదికి ఆనుకునే ఉంటుంది. ఆ వేడికి దానికి పుండు పడి, రెండు నెలల్లోపు ఎప్పుడైనా రంధ్రం కావొచ్చు. జ్వరం, ఛాతీ నొప్పి, మింగితే నొప్పి, వీటిలో ఏది వచ్చినా వైరల్ జ్వరమనుకుని ఇంట్లో ఉండిపోకండి. అబ్లేషన్ చేసిన ఆసుపత్రికి వెంటనే ఫోన్ చేయండి. దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్తే అబ్లేషన్ అయిందని, ఏ తేదీన అయిందో ముందే చెప్పండి. ఈ అనుమానం ఉంటే ఎండోస్కోపీ చేయకూడదు, ఛాతీ సీటీ స్కాన్ చేయాలి. మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. నాడి ఎంత దాటితే, ఎంతసేపు తగ్గకపోతే బయల్దేరాలో మీ డాక్టర్‌ని అంకెల్లో అడిగి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. అత్తగారికి కూడా చదివి వినిపించండి.