అత్యవసర నిధి ఊడ్చి కన్వర్టిబుల్ కొనొచ్చా?

ప్రశ్న: నా వయసు 34. పదిహేనేళ్ల పాత మాజ్డా ఎంఎక్స్-5 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేసుకునే కారు) ఒకటి మంచి ధరకు వస్తోంది. బ్యాంకులో ఊరికే పడి ఉన్న ఆరు నెలల ఖర్చుల డబ్బు సగం ధరకు సరిపోతుంది. మిగతా సగానికి అయిదేళ్ల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఆఫీసుకు వేరే కారు ఉంది. కొనమంటారా?

జవాబు: వద్దు. ఆ రెండు సీట్ల బండి మీద నాకేం కోపం లేదు. ‘ఊరికే పడి ఉన్న’ అన్నారు చూడండి, దాని మీదే నా కోపమంతా. చాలామంది చేసే పొరపాటే ఇది. వాడని డబ్బు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

కారు ఇంటికొచ్చిన రోజున మీ దగ్గర చిల్లిగవ్వ ఉండదు, ఈఎంఐ మాత్రం ఉంటుంది. మరుసటి నెల జీతం ఆగితే? నిన్నటిదాకా ఆరు నెలలు నెట్టుకురాగలిగిన మనిషి క్రెడిట్ కార్డుతో నగదు తీస్తాడు. దానికి వడ్డీ తీసిన రోజు నుంచే మొదలు. సరదా కారు కోసం ఇంత టెన్షన్ కొనితెచ్చుకుంటారా?

పైగా పాత కన్వర్టిబుల్ తానే అత్యవసరాలు పుట్టిస్తుంది. గుడ్డ టాప్ మీద పడ్డ వాననీరు సీట్ల వెనకున్న సన్నటి గొట్టాల గుండా కిందికి పోవాలి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే నీళ్లు లోపలే నిలిచి, తలుపుల కింది రేకు తుప్పు పడుతుంది. ఎప్పుడైనా ఇలాంటి కారు చూడటానికి వెళ్తే సీటు వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టండి. తడి తగిలితే బేరం కూడా ఆడొద్దు. టైరు పక్క భాగం మీదుండే నాలుగంకెలూ చూడండి. 2315 అంటే 2015లో 23వ వారం తయారైంది. తక్కువ తిరిగిన బండికి టైరు అరగదు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది.

బీమా ఉంది కదా అనొద్దు. కారు నుజ్జయితే మామూలు పాలసీ ఇచ్చేది ఆనాటి విలువే. లోను బాకీ అంతకు మించి ఉంటే ఆ తేడా మీ జేబులోంచే. అన్నీ సవ్యంగా జరిగినా, చివరి వాయిదా కట్టేనాటికి కారుకు ఇరవయ్యేళ్లు.

ఆ నిధిని ముట్టుకోకండి. ఈఎంఐ కట్టగలననుకున్న మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేయండి. వడ్డీ ఉండదు కాబట్టి అయిదేళ్లు నిండకముందే సగం ధర కూడుతుంది. మిగతా సగమా? అది అత్యవసర నిధి, కారు కోసమని మీ దగ్గర ఎప్పుడూ లేదు. కాబట్టి అప్పుడు సగం ధరకు వచ్చే బండే చూడండి, రిపేర్లకు కొంత పక్కన పెట్టుకుని. అంతదాకా ఆగలేకపోతే ఓ వారాంతం అద్దెకు తీసుకోండి.

ఈలోగా ఇది అమ్ముడుపోతుందనా బెంగ? పోనివ్వండి. 1989 నుంచి ఈ కార్లు పది లక్షలకు పైగా తయారయ్యాయి.