ప్లేటుకి ఒక్క కాలనీ తీస్తే చాలదండీ

హాస్పిటల్ నీళ్లలో లెజియొనెల్లా (న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా) వచ్చింది, ట్యాంకులు కడిగించి క్లోరిన్ కొట్టించినా రెండు నెలలకి మళ్లీ వచ్చింది, ఇది పాతదేనా కొత్తదా, ఒక కాలనీకి (ల్యాబ్ ప్లేటు మీద లేచే బ్యాక్టీరియా చుక్క) టైపింగ్ చేయిస్తే, అంటే అది ఏ రకమో చూపిస్తే తేలుతుందా అని అడిగారు. తేలదు. నేనూ ఈ తప్పే చేశాను.

మాది నెల్లూరు, చెన్నైలో ఒక హాస్పిటల్ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో కొన్నేళ్లు చేశాను. ఈ ప్లేట్ల దగ్గర ఓపిక కావాలి, మూడో రోజు దాకా ఏమీ కనబడదు, పదో రోజు దాకా పారేయకూడదు. ఒకసారి ఒక వార్డు షవర్ నీళ్లకి బూడిదరంగు కాలనీలు బాగానే లేచాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి కదా అని ఒక్కటి తీసి రకం గుర్తించే లేటెక్స్ టెస్టు చేస్తే సెరోగ్రూప్ 1 అనే రకం వచ్చింది, రిపోర్టు రాసేశాను. మా మేడమ్ ప్లేటుని లైటుకి ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి, "ఇంకో అయిదు తియ్యి బాబూ" అన్నారు. ఇంటికెళ్లే టైము, చిరాకేసింది. తీస్తే అందులో రెండు సెరోగ్రూప్ 2–14 గుంపువి, అంటే వేరే రకం! ఒకే షవర్, ఒకే లీటరు నీళ్లు.

పైపు లోపలి జిగట పొరలో, అక్కడ తిరిగే అమీబాల కడుపులో వేరువేరు రకాలు పక్కపక్కనే ఏళ్ల తరబడి బతికేస్తాయి, పైపైన క్లోరిన్ కొడితే లోపలివాటికి పెద్దగా అంటదు. కాబట్టి మీకు "కొత్తగా" కనబడింది మొదటిసారి మీరు తీయని కాలనీయే కావచ్చు.

ఏడు జన్యువులు చూసే టైపింగ్‌లో కుళాయిదీ పేషెంటుదీ ఎస్‌టీ1 అనే ఒకే రకం అని వచ్చినా అక్కడితో తీర్పు చెప్పేయకండి. ఎస్‌టీ1 ప్రపంచమంతా హాస్పిటల్ నీళ్లలో దొరికేదే, పూర్తి జీనోమ్ చదివిస్తే గానీ దగ్గర చుట్టమో కాదో తెలియదు. పైగా పేషెంటు మూత్రంలో లెజియొనెల్లా ఆనవాలు చూసే యూరిన్ కిట్ ప్రధానంగా సెరోగ్రూప్ 1నే పడుతుంది, కళ్లె కల్చర్ పెట్టకపోతే పోల్చడానికి పేషెంటు బ్యాక్టీరియాయే మీ చేతిలో ఉండదు.

ఇంకో మాట. ఈ బ్యాక్టీరియా పెరగకుండా చన్నీళ్లు 20 డిగ్రీల లోపు ఉంచమని పుస్తకాల్లో ఉంటుంది. చెన్నైలో మే నెల మధ్యాహ్నం చన్నీళ్ల కుళాయి తిప్పి చూడండి, చెయ్యి చురుక్కుమంటుంది! అందుకే వేణ్ణీళ్ల లైనొక్కటే కాదు, రెండు లైన్ల నుంచీ శాంపిల్ తీయండి, సీసాలో థయోసల్ఫేట్ (నీళ్లలోని క్లోరిన్‌ని విరిచేది) వేయడం మర్చిపోవద్దు. ప్లేటుకి కనీసం అయిదు కాలనీలు తీసి మైనస్ 80 ఫ్రీజర్‌లో దాచండి. మేం ఆ మొదటి ప్లేటుని క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో వేసేశాం, ఆర్నెల్ల తర్వాత అదే వార్డులో మళ్లీ వచ్చినప్పుడు పోల్చడానికి ఏమీ మిగల్లేదు.