నెలాఖరు వస్తే ఎందుకింత చిరాకు?

ప్రశ్న: తిరుపతి లాడ్జిలో పని చేస్తున్నాను. ఇరవయ్యో తేదీకే జీతం అయిపోతుంది. ఆపైన నిద్ర పట్టదు, పిల్లల మీద అరుస్తాను. నా గుణమే ఇంతా?

జవాబు: గుణం కాదండీ. గ్యాస్ అయిపోతే ఎలా, అప్పు కంతు ఎలా అని బుర్రంతా లెక్కల్లోనే ఉంటే ఓపిక ఎక్కడ మిగులుతుంది? తమిళనాడు చెరకు రైతులపై 2013లో అచ్చయిన అధ్యయనంలో, కోతకు ముందు చేతిలో డబ్బు ఆడనప్పటి కంటే పంట డబ్బు వచ్చాక అదే రైతులు బుద్ధి పరీక్షలు మెరుగ్గా చేశారు. చిత్తూరు వైపు చెరకు వేసేవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

ముందు కంతు తేదీ చూడండి. ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగొస్తే బ్యాంకూ, అప్పిచ్చినవాళ్లూ మామూలుగా చెరో ఛార్జీ వేస్తారు. నిద్ర చెడగొట్టేది ఎక్కువగా ఆ భయమే. కంతు తేదీని జీతం పడిన రెండు మూడు రోజుల తర్వాతకు మార్చమని అప్పిచ్చినవాళ్లకు రాసివ్వండి. అన్నిచోట్లా ఒప్పుకోరు, అయినా అడగాలి. అద్దె, బియ్యం, గ్యాస్ పోగా మిగిలింది నాలుగు వారాలకు విడగొట్టండి. పడుకునే ముందు లెక్కలు వద్దు. ఆదివారం పొద్దున అరగంట భార్యాభర్తలిద్దరూ కూర్చుని వేయండి. ఇంట్లో చెప్పకుండా లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి.

బతకాలని లేదనిపిస్తే ఆ క్షణమే 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.