ప్రొపెన్సిటీ స్కోర్ కట్టే ముందు క్యాజువాలిటీలో కూర్చో

అమ్మలూ,

నీ థీసిస్ ప్లాన్ మొత్తం చదివాను. టాపిక్ చాలా బాగుంది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి కారణాలు ఆరా తీసిన అధ్యయనం 2006లో వచ్చింది, అందులో దాదాపు మూడో వంతు చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. అలాంటి చోట గుండెపోటుతో అమలాపురం వచ్చిన మనిషికి గడ్డ కరిగే ఇంజక్షన్ అక్కడే వేసి పంపాలా, వేయకుండా నేరుగా కాకినాడకో రాజమండ్రికో పంపేయాలా అన్నది ఎవరో ఒకరు అడగాల్సిన ప్రశ్నే. చీటీలు తీసి సగం మందికి ఇంజక్షన్ ఆపలేం కాబట్టి రికార్డులే దిక్కు, సరే. కానీ మెథడ్స్‌లో "ప్రొపెన్సిటీ స్కోర్ మ్యాచింగ్ ద్వారా బయాస్ తొలగిస్తాం" అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు చూడు, ఈ ఉత్తరం దాని గురించే.

తొలగించదమ్మా, ఆ బయాస్‌ని (రెండు గుంపులూ మొదటినుంచే వేరుగా ఉండటంతో పోలికలో వచ్చే తప్పుని). తగ్గిస్తుంది, అదీ నువ్వు కొలిచిన వాటి వల్ల వచ్చే బయాస్‌ని మాత్రమే. 1983లో రోజెన్‌బామ్, రూబిన్ చెప్పింది ఇదే: పేషెంట్ లక్షణాలన్నీ చూసి అతనికి ఈ చికిత్స అందే అవకాశం ఎంత అని 0కీ 1కీ మధ్య ఒక అంకె కడతాం, ఆ అంకె దగ్గరదగ్గరగా ఉన్నవాళ్లలో ఇంజక్షన్ పడినవాళ్లనీ పడనివాళ్లనీ పోలిస్తే, స్కోర్‌లో పెట్టిన లక్షణాలు రెండు గుంపుల్లోనూ సగటున సరితూగుతాయి. పెట్టని లక్షణం సంగతి ఆ అంకెకి తెలియదు.

అందుకే కంప్యూటర్ తెరవక ముందు కొన్ని రాత్రులు క్యాజువాలిటీలో కూర్చో. డ్యూటీ డాక్టర్లని, సిస్టర్లని, అంబులెన్స్ డ్రైవర్లని అడుగు, ఎవరికి వేస్తున్నారు, ఎవరిని వేయకుండా పంపుతున్నారు, ఎందుకని. వయసు, షుగర్, బీపీ, ఈసీజీ, కిల్లిప్ క్లాస్ (గుండె ఎంత దెబ్బతిందో చెప్పే గ్రేడు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) కేస్ షీట్‌లో ఎలాగూ దొరుకుతాయి. దొరకనివే అసలువి. నొప్పి మొదలై ఎన్ని గంటలైందో సరిగ్గా రాసి ఉండదు, గ్యాస్ నొప్పి అనుకుని ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని తెల్లారాక వచ్చినవాళ్లు ఎంతమందో ఎవరూ రాయరు, లంకల్లోంచి పడవ దాటి వచ్చిన మనిషికి దారిలోనే ఎంత పొద్దుపోయిందో అసలే రాయరు. ఇంక డబ్బు. సొంత కారు, కాకినాడలో తెలిసిన డాక్టరు ఉన్నవాళ్లు "ఇక్కడేం వద్దండి, మేం తీసుకెళ్లిపోతాం" అంటారు. వాళ్లు బతికితే అందులో వాళ్ల స్తోమతకీ, తర్వాత మానకుండా వాడే మందులకీ వాటా ఉంటుంది. అది కొలవకుండా మ్యాచింగ్ చేస్తే నేరుగా వెళ్లడమే గొప్పని తేలుతుంది, ఏ స్కోరూ దాన్ని ఆపలేదు. ఒక పేజీ ఫారం తయారు చేసి ఇవన్నీ ఇప్పటినుంచే రాయించు. పాత రికార్డుల కోసం తవ్వడం కన్నా అదే మేలు.

స్కోర్‌లో ఏం పెట్టాలంటే, ఆ నిర్ణయానికి ముందే ఉన్నవి, బతకడం చావడం మీద ప్రభావం ఉన్నవి. ఇంజక్షన్ వేశాక పడిపోయిన బీపీని పెట్టకు, అది చికిత్స తర్వాతి సంగతి. ఆ రోజు డ్యూటీ ఎవరిది అన్నది చికిత్సని మాత్రమే మార్చేదైతే అదీ వద్దు, బయాస్ తగ్గకపోగా అంచనా ఇంకా వదులవుతుంది, కొలవని కారణాలు మిగిలి ఉంటే బయాస్ పెరగనూ వచ్చు.

అన్నిటికన్నా నన్ను టెన్షన్ పెట్టింది నీ డేటా. కాకినాడ క్యాథ్ ల్యాబ్ (రక్తనాళంలోంచి గుండెకి గొట్టం పంపి అడ్డు తీసే చోటు) రిజిస్టర్ నుంచి మొదలుపెడతానన్నావు. దారిలో పోయినవాళ్లు ఆ రిజిస్టర్‌లో ఉండరు కదా! నేరుగా పంపినవాళ్లలో బతికి చేరినవాళ్లే లెక్కలోకి వస్తారు. ప్రతి పేషెంట్‌నీ అమలాపురంలో ఈసీజీ చూసి నిర్ణయం తీసుకున్న నిమిషం నుంచి లెక్కపెట్టు, అక్కడినుంచి 30 రోజులు. ఈ తప్పుని స్కోర్ సరిచేయదు. అలాగే ఈమధ్యే పక్షవాతం వచ్చినవాళ్లు, రక్తస్రావం అవుతున్నవాళ్లు, ఇంజక్షన్ ఎలాగూ వేయకూడనివాళ్లని ముందే పక్కన పెట్టు. వాళ్లకి జోడీ దొరకదు.

మ్యాచింగ్‌కి ఆర్‌లో మ్యాచ్‌ఇట్ ప్యాకేజీ చాలు (ఆర్ అంటే గణాంకాలకి వాడే సాఫ్ట్‌వేర్). క్యాలిపర్ (జోడీ కట్టే ఇద్దరి మధ్య ఒప్పుకునే గరిష్ఠ తేడా) స్కోర్ లాజిట్ (స్కోర్‌ని లాగ్ ఆడ్స్‌గా మార్చిన రూపం) స్టాండర్డ్ డీవియేషన్‌లో 0.2 పెట్టుకో, చాలామంది వాడేది అదే. జోడీలు కట్టాక ప్రతి లక్షణానికీ స్టాండర్డైజ్డ్ డిఫరెన్స్ (రెండు గుంపుల సగటుల తేడాని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే వచ్చేది) చూడు, 0.1 లోపు ఉంటే ఫరవాలేదు. పీ వాల్యూ చూసి సరితూగిందని రాయకు, మనుషులు తగ్గితే అది దానంతటదే పెరుగుతుంది. సీ స్టాటిస్టిక్ (చికిత్స అందినవాళ్లనీ అందనివాళ్లనీ స్కోర్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె) 0.9 వచ్చిందని సంబరపడొద్దు, రెండు గుంపులూ అసలు కలవడం లేదేమో అని అనుమానించాలి. జోడీ దొరకక ఎంతమంది, ఎలాంటివాళ్లు పోయారో రాయి, నీ జవాబు ఎవరికి వర్తిస్తుందో అక్కడే తెలుస్తుంది. ఎక్కువమంది పోతుంటే వెయిటింగ్ (జోడీలు కట్టకుండా, స్కోర్ని బట్టి లెక్కలో ఒక్కొక్కరికీ బరువు ఇవ్వడం) చేసి చూడు, మరీ పెద్ద వెయిట్లు వస్తే మాత్రం జాగ్రత్త.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. 1996లో అమెరికాలో ఐదు ఆసుపత్రుల్లోని 5,735 మంది పేషెంట్ల మీద ఇదే స్కోర్ వాడి, గుండె కుడివైపుకి క్యాథటర్ వేసినవాళ్లలో చావులు ఎక్కువని చూపించారు. పెద్ద గొడవైంది. తర్వాత వచ్చిన ట్రయల్స్‌లో, 2005లో బ్రిటన్‌లో చేసిన దానితో సహా, లాభమూ కనపడలేదు, నష్టమూ కనపడలేదు. ఆ మొదటి జట్టు సామాన్యులు కారు, చాలా లక్షణాలు కొలిచారు. అయినా మంచం పక్కన నిలబడ్డ డాక్టర్ కంటికి కనిపించిందంతా కాగితం మీదకి రాదు. అందుకే చివర ఈ-వాల్యూ (E-value) అనే అంకె కూడా కట్టి, కొలవని కారణం ఎంత బలంగా ఉంటే నీ ఫలితం చెరిగిపోతుందో రాయి.

ఫలితాల కాలమ్ తెరవక ముందే ఏ లక్షణాలు పెడుతున్నావో రాసి, తేదీ వేసి మీ గైడ్ గారికి ఇచ్చెయ్. సంక్రాంతికి వచ్చేటప్పుడు నింపిన ఫారాలు పేర్లు తీసేసి పట్టుకురా, నొప్పి మొదలైన టైమ్ ఎన్నింటిలో ఖాళీగా ఉందో ముందు అది చూద్దాం.

పెదనాన్న