రాస్ప్‌బెర్రీ పై 4 సాయంత్రం పూట బిగుసుకుపోతోంది, రెండు కార్డులు పోయాయి. ఓవర్‌క్లాక్ చేస్తే బాగుపడుతుందా?

బొబ్బిలి దగ్గర మీ ట్యూషన్ సెంటర్లో 2 జీబీ రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు) పెట్టి, కివిక్స్‌తో (నెట్ లేకుండా వికీపీడియా చూపించే సాఫ్ట్‌వేర్) తెలుగు వికీపీడియా, కొన్ని పాఠాల వీడియోలు పిల్లల ఫోన్లకి అందిస్తున్నానన్నారు. సాయంత్రం ఆరు దాటితే బిగుసుకుపోతోందని, ఆరు నెలల్లో రెండు ఎస్‌డీ కార్డులు పోయాయని, ఓవర్‌క్లాక్ చేసి, అంటే ప్రాసెసర్ క్లాక్ వేగం పెంచి చూద్దామా, ఎంతకి పెంచమంటారని అడిగారు.

అసలు పెంచొద్దండి. మీరు రాసిన లక్షణాలన్నీ పలాసలో మా బాబాయి జీడి పిక్కల గోడౌన్లో నేను చూసినవే. పిక్కలకి తేమ పడితే బూజు పడుతుంది కాబట్టి గదిలో తేమ, వేడి పది నిమిషాలకోసారి నమోదు చెయ్యడానికి ఇదే బోర్డు పెట్టాను. నేనుండేది విజయనగరంలో. ఆగిపోయిన ప్రతిసారీ రైలెక్కి పలాస వెళ్లలేను కదా. అందుకే వేగం సంగతి వదిలేసి, ఎవరూ ముట్టుకోకుండా దానంతట అది లేచి పనిచేసేలా చెయ్యడం మీదే మనసు పెట్టాను. మీకూ అదే కావాలి, ఎందుకంటే పాఠం మధ్యలో ఆగిపోతే పిల్లలు మళ్లీ దాని జోలికి రారు.

ముందు కరెంటు సంగతి. మా దగ్గర మోటారు వెయ్యగానే ట్యూబులైటు మసకబారేది. అప్పుడే బోర్డు కూడా ఆగేది. లో వోల్టేజీ వల్లే అనుకుని స్టెబిలైజర్ కొనిపించాను, ఏమీ మారలేదు. ఎందుకంటే మంచి అడాప్టరుకి 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎంత వచ్చినా పర్వాలేదు, అది ఇవ్వాల్సిన ఐదు వోల్టులూ ఇస్తూనే ఉంటుంది. అసలు లోపం నేను వాడిన ఫోన్ ఛార్జరులో, దానికి తగిలించిన రెండు మీటర్ల సన్న కేబులులో ఉంది. ఛార్జరు మీద 33 వాట్లని ఉంటే సరిపోతుందనుకుంటాం. ఆ వాట్లు ఎక్కువ వోల్టేజీ అడిగే ఫోన్లకి. పై 4 అడిగేది ఐదు వోల్టులే, ఆ ఐదు దగ్గర కొన్ని ఛార్జర్లు 2 ఆంపియర్లకి మించి ఇవ్వవు. పైగా కేబులు సన్నగా, పొడుగ్గా ఉన్నకొద్దీ దారిలోనే వోల్టేజీ పడిపోతుంది. పై 4కి కంపెనీ చేసిన అడాప్టరు 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. ఆ పైన ఉన్న 0.1 కేబులులో పోయేదానికే.

మీది ఇదేనో కాదో ఒక్క నిమిషంలో తేలుతుంది. సాయంత్రం పిల్లలంతా వాడుతున్నప్పుడు టెర్మినల్లో (కమాండులు టైపు చేసే విండోలో) వీసీజెన్‌సీఎండీ కమాండు పక్కన గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అని (vcgencmd get_throttled) కొట్టండి. సున్నా వస్తే కరెంటు, వేడి రెండూ బాగున్నట్టు. నాకు చివర్లో 50005 వచ్చింది. కుడిపక్క 5 అంటే ఈ క్షణాన వోల్టేజీ చాలక బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటోందని. ఎడమపక్క 5 అంటే ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకసారి అలా జరిగిందని. వోల్టేజీ సుమారు 4.63కి దిగితే ఆ గుర్తు పడుతుంది. సాయంత్రమే ఎందుకంటే, ఫోన్లు ఎక్కువై ప్రాసెసర్, వైఫై రెండూ కష్టపడితే బోర్డు కరెంటు ఎక్కువ లాగుతుంది, కేబులు అప్పుడే చేతులెత్తేస్తుంది. ఈ స్థితిలో క్లాక్ పెంచితే ఇంకా ఎక్కువ లాగుతుంది. మీ మూడో కార్డు కూడా పోతుంది.

వేడి విషయం తొందరగా చెప్తాను. 80 డిగ్రీలు తాకితే పై 4 వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో మాది మధ్యాహ్నానికే అక్కడికి చేరేది. ఫ్యాన్ పెడితే దుమ్ము లోపలికి లాగుతుంది, సముద్రపు గాలికి పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టాయి కూడా. ఫ్యాన్ లేని అల్యూమినియం కేసు వేసి, 1500 ఉన్న క్లాకును 1200 మెగాహెర్ట్జ్‌కి దించాను. మా పనికి తేడా తెలియలేదు. కివిక్స్ పేజీలకి మీకూ తెలియదనే నా నమ్మకం.

ఇక కార్డులు. కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది, ఊరికే రాస్తూ ఉంటే కార్డే అరిగిపోతుంది. కాబట్టి రాతలు తగ్గించాలి. డెస్క్‌టాప్ లేని లైట్ ఓఎస్ వెయ్యండి. సిస్టమ్ లాగులు (బోర్డు తన పని గురించి రాసుకునే చిట్టా) ర్యామ్‌లోనే ఉండేలా జర్నల్ సెట్టింగులో స్టోరేజీని వోలటైల్ చెయ్యండి. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే, కార్డు మీది స్వాప్ ఫైలు ఆపేసి, ర్యామ్‌లోనే డేటాను కుదించి ఉంచే జెడ్‌ర్యామ్ పెట్టండి, 2 జీబీ బోర్డుకి అది బాగా ఆదుకుంటుంది.

అన్నిటికంటే బలమైనది ఓవర్‌లే. రాస్పి కాన్ఫిగ్ అనే సెట్టింగుల ప్రోగ్రాములో పెర్ఫార్మెన్స్ కింద ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంటుంది. అది ఆన్ చేస్తే కార్డు చదవడానికి మాత్రమే, రాసేదంతా ర్యామ్‌లోకి వెళ్తుంది. కరెంటు ఎన్నిసార్లు పోయినా కార్డు మీది ఓఎస్ చెక్కు చెదరదు. దీంతో నాకు పెద్ద నష్టమే జరిగింది, మీరు జాగ్రత్తపడండి. ఓవర్‌లే పెట్టిన సంతోషంలో, తేమ లెక్కలు కూడా అదే కార్డు మీదికి వెళ్తున్నాయన్న సంగతి మర్చిపోయాను. పదకొండు రోజులు గ్రాఫు చక్కగా కనిపించింది. ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయి వచ్చింది. ఆ పదకొండు రోజుల లెక్కా ర్యామ్‌తో పాటే పోయింది. సరిగ్గా ఆ వారమే ఒక మూల బస్తాల్లో బూజు కనపడింది, ఎప్పటి నుంచి తేమ పెరిగిందో బాబాయికి చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. తర్వాత లెక్కలన్నీ విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి మార్చాను. మీ పాఠాలు చదివేవే తప్ప రాసేవి కావు కనుక ఓవర్‌లే మీకు అతికినట్టు సరిపోతుంది. పిల్లల మార్కులో, హాజరో దాచుతుంటే మాత్రం వాటికి వేరే డ్రైవ్ ఉండాలి. అప్‌డేట్ చెయ్యాలంటే ఓవర్‌లే ఆపి, రీబూట్ చేసి, పని అయ్యాక మళ్లీ ఆన్ చెయ్యండి.

కివిక్స్ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పెడితే దాన్ని ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంచకండి, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. కివిక్స్ ఫైళ్లు కొన్ని అంతకంటే పెద్దవి.

పై 4కి సొంత గడియారం లేదు. నెట్ లేనప్పుడు కరెంటు పోయి వస్తే టైము తప్పు చూపిస్తుంది. డీఎస్3231 అనే చిన్న గడియారం ముక్క, బటన్ బ్యాటరీతో సహా, పిన్నుల మీద నేరుగా కూర్చుంటుంది. మీరు హాజరు రాయకపోతే ఇది అక్కర్లేదు. వాచ్‌డాగ్ మాత్రం తప్పక పెట్టండి. ఓఎస్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సెట్టింగుల్లో రన్‌టైమ్ వాచ్‌డాగ్ 15 సెకన్లు అని ఇస్తే, బోర్డు బిగుసుకుపోయినప్పుడు దానంతట అదే రీబూట్ అవుతుంది.

యూపీఎస్ పెట్టాలా అని కూడా అడిగారు. చిన్న కోతలకి మంచిదే. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ యూపీఎస్సూ నిలబడదు. కరెంటు వచ్చిన రోజున బోర్డు మామూలుగా లేచేలా ఉందా అన్నదే నేను చూసుకుంటాను. ముందు ఓవర్‌లే, వాచ్‌డాగ్ పెట్టండి, డబ్బులు మిగిలితే యూపీఎస్ కొనండి.

వైఫై గురించి ఒక మాట. మా గోడౌన్లో రెండు ఫోన్లే కాబట్టి బోర్డు వైఫై సరిపోయింది. మీ దగ్గర ఇరవై మంది పిల్లలు వీడియో చూస్తే చాలదు. ఇంట్లో మూలన పడున్న పాత రౌటర్ ఉంటే ఈథర్‌నెట్ వైరుతో పై 4కి తగిలించి, ఫోన్లన్నీ ఆ రౌటరుకే కలపండి. బోర్డు మీద భారం, వేడి రెండూ తగ్గుతాయి.

అన్నీ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు. ఈ వారం అడాప్టరూ కేబులూ మార్చి, నాలుగు సాయంత్రాలు ఆ కమాండు కొట్టి చూడండి. వచ్చిన అంకె, కేబులు పొడవు, అప్పుడు ఎన్ని ఫోన్లు ఉన్నాయో రాయండి. 50005 కాకుండా వేరే ఏదైనా వస్తే దాని అర్థమేమిటో చెప్తాను.