ముత్తాతకు పైన ఎవరు?

సందేహం: విశాఖపట్నం, గోపాలపట్నం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని రాశారు. ఉత్తరం పెద్దది, కొంత కుదించి ఇస్తున్నాను.

"మా ఇంటి పాత తరాల వివరాలు పోగుచేస్తున్నాను. పెట్టె అడుగున స్వాతంత్ర్యానికి ముందునాటి క్రయ దస్తావేజు ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని మా తాతగారి తాత దాకా వెళ్ళగలిగాను. నాన్న, తాత, ఆ పైన మూడోవాడు కాబట్టి 'మూడు + తాత = ముత్తాత' అని మా బంధువు ఒకాయన అంటున్నారు. నిజమేనా? ముత్తాత తండ్రిని తెలుగులో ఏమనాలి? నేను గీసిన వంశవృక్షానికి 'మా ముందు తరాలు' అని పేరు పెడితే మా అబ్బాయి 'అంటే మేమా, వాళ్ళా?' అని అడిగాడు. ఇంకొకటి. దస్తావేజులో 'నా అన్న రంగం పోయి తిరిగి రానందున' అని ఉంది. ఆయన శ్రీరంగంలో సన్యాసం తీసుకున్నాడని మా ఇంట్లో అనుకుంటున్నాం. సరేనా?"

సమాధానం: అమ్మా, మీ బంధువు చెప్పిన వ్యుత్పత్తి చూడ్డానికి బాగుంటుంది. మూడు కన్నులవాడు ముక్కంటి, మూడు జగాలు ముజ్జగాలు, మూడు కాళ్ళ పీట ముక్కాలిపీట. ఈ వరసలో పెడితే ముత్తాత కూడా చక్కగా ఇమిడిపోతాడు. రూపం ఒక్కటే చూస్తే కాదనడానికి వీల్లేదు. అందుకే ఈ పొరపాటు చదువుకున్నవాళ్ళలో కూడా పాతుకుపోయింది.

ముత్తాతను ఒక్కణ్ణే చూస్తే తేలదు, ఆయన పక్కన ముత్తవ్వను నిలబెట్టండి. 'మూడు' మీద అచ్చు వస్తే తెలుగులో యకారం పుడుతుంది. మూడేడులు, అంటే ఇరవై ఒకటి, ముయ్యేడు. ఆ లెక్కన మూడు + అవ్వ 'ముయ్యవ్వ' కావాలి. కాలేదు, ముత్తవ్వ అయింది. పోనీ, ముత్తాతను చూసి ముత్తవ్వను కల్పించుకున్నారని ఎవరైనా అనవచ్చు. అప్పుడు ముత్తైదువను పిలవండి. ఐదువ అంటే సుమంగళి. ముత్తైదువలో మూడు లేదు, మూడో తరం లేదు, ఉన్నది పెద్దరికం. పెద్ద వయసు సుమంగళి ముత్తైదువ. నిన్న పెళ్ళయిన పిల్లకు కూడా ఇవాళ ఆ మాట వాడుతున్నాం కాబట్టి అందులోని వయసు మనకు వినిపించడం లేదు.

ఆ వయసే 'ముదు'. ముది, ముదిమి, ముదుసలి, ముదురు బెండకాయలోని ముదురు, అన్నీ ఒక ఇంటి మాటలే. నడు + ఏరు నట్టేరు, నిడు + ఊర్పు నిట్టూర్పు అయినట్టు, ముదు + అవ్వ ముత్తవ్వ, ముదు + ఐదువ ముత్తైదువ. చిన్నయ సూరి కుఱు, చిఱు, కడు, నడు, నిడు శబ్దాలకు సూత్రం చెప్పి ఊరుకున్నాడు, అందులో ముదు లేదు. కానీ భాష నడక అదే. అక్కడ డకారం రెట్టించిన టకారం అయితే ఇక్కడ దకారం రెట్టించిన తకారం అయింది. ముదు + తాతలో మధ్య ఉకారం జారిపోయి ముత్తాత మిగిలాడు.

పొరుగువాళ్ళ సాక్ష్యం ఇంకా గట్టిది. కన్నడంవాళ్ళు ముత్తాతను ముత్తజ్జ అంటారు, అజ్జ అచ్చుతో మొదలయ్యే మాటే అయినా తకారం అక్కడ పదిలంగా ఉంది. మలయాళంలో ముత్తచ్ఛన్ అంటే ముత్తాత కాదు, తాత! అచ్ఛన్ అంటే తండ్రి, ముత్తచ్ఛన్ పెద్ద తండ్రి. నాన్న తర్వాత ఆయన రెండోవాడే. ముత్ అంటే మూడు అయితే మలయాళీలు లెక్క తప్పారనుకోవాలి. వాళ్ళు తప్పలేదు. కాబట్టి ముత్తాత అంటే ముదిమి పొందిన తాత, తాతల్లో పెద్ద. దొంగతనంలో వీడు వాడికి ముత్తాత అన్నప్పుడు ఉన్నదీ ఈ పెద్దరికమే.

ఇక ఆ పైన. సంస్కృతంలో పిత, పితామహుడు, ప్రపితామహుడు, వృద్ధప్రపితామహుడు అని మెట్లున్నాయి. తర్పణాల్లో పేరు పెట్టి పిలిచేది ప్రపితామహుడి దాకానే. తెలుగులో కిందికి దిగితే మనవడు, మునిమనవడు, ఇనిమనవడు ఉన్నారు. మునిమనవడిలో ముని అంటే కొస, మునివేళ్ళలో ఉన్నదే, తపస్సు చేసే ముని కాదు. ఇనిమనవడి పాత రూపం ఇనుమనుమడు. ఇనుమడించడంలోని రెట్టింపే అందులోనూ ఉందని నా ఊహ. పైకి మాత్రం ముత్తాత దగ్గర ఆగిపోయాం. ఎందుకు ఆగామంటే, తరాలు లెక్కపెట్టే పని ఇంట్లో పెద్దవాళ్ళది. పిల్లవాడిది పిలిచే పని. నాలుగు తరాల కింది పిల్లవాణ్ణి చూసే భాగ్యం కలిగిన ముసలాయన 'వీడు నా ఇనిమనవడు' అని చెప్పుకున్నాడు. ఆ పిల్లవాడు ఆయన్ని ఉత్త తాతా అనే పిలిచాడు. పిలుపుకు అవసరం లేని మాట పుట్టలేదు.

మీకు ఇప్పుడు రాతలో అవసరం వచ్చింది. 'ముత్తాత తండ్రి' అని రాయండి. మీరే ఉత్తరంలో 'తాతగారి తాత' అన్నారు, అది ఇంకా బాగుంది, వినగానే తెలుస్తుంది. ఇనుమనుమడికి ఎదురుగా 'ఇనుతాత' అని కొత్తగా కల్పించవచ్చు. ఎవరైనా రాస్తే తప్పు అనను, నేను మాత్రం రాయను. కానీ ఫోనులో అనువాదం చేయించి 'గొప్ప తాత', 'గొప్ప గొప్ప తాత', 'కుటుంబ చెట్టు' అని రాస్తున్నారే, వాటిని చూస్తే బాధ కలుగుతుంది. ఇంట్లో ముత్తాత ఉండగా గొప్ప తాతను బయటి నుంచి తెచ్చుకోవడం ఏమిటి? వంశవృక్షం సరైన మాటే. వంశం అంటే వెదురు కూడా.

తాతల మాట వచ్చింది కాబట్టి తిక్కనను తలచుకోకుండా ముందుకు పోలేను. నిర్వచనోత్తర రామాయణం అవతారికలో ఆయన తన కవిత్వాన్ని గురించి చెప్పుకోవలసిన చోట తాతను గురించి చెప్పాడు:

"సారకవితాభిరాము గుంటూరి విభుని
మంత్రి భాస్కరు మత్పితామహునిఁ దలఁచి"

ఆయన మీది మన్ననతోనైనా లోకం నన్ను ఆదరిస్తుంది, నా కృతి గుణాలు వేరే చెప్పడం ఎందుకు అని మిగతా రెండు పాదాల భావం. 'సారకవితాభిరాముడు' అన్నాడు, అంటే భాస్కరుడు కవి. కానీ ఇదిగో ఆయన కవిత్వం అని నిర్వివాదంగా చూపించడానికి మనకు ఏమీ మిగల్లేదు. మనవడి తేటగీతి వల్ల ఆయన బతికాడు. 'తలఁచి' అన్న ఒక్క క్రియ ఎంత పని చేసిందో చూడండి. పొగడలేదు, తలచాడు. లోకం చేత తలపించాడు.

ఇంకో సంగతి. తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన ఆ ఇంటి వివరాలు చెప్పాడు. భాస్కరుడికి కేతన (ఈయన వేరు, ఆ కవి కాదు), మల్లన, సిద్ధన, కొమ్మన అని నలుగురు కొడుకులు. కొమ్మనకూ అన్నమకూ పుట్టినవాడు మన కవి. సిద్ధన కొడుకు కూడా తిక్కనే! ఒకే తాతకు ఇద్దరు తిక్కనలు. ఒకడు కవి తిక్కన, ఒకడు ఖడ్గ తిక్కన. కృతి అంకితం తీసుకున్నవాడి వంశం చెప్పడం ఆనవాయితీ కాబట్టి ఆ ఇద్దరూ మనకు విడివిడిగా తెలిశారు. ఆ ఆనవాయితీ లేకుండా పేర్లు మాత్రమే మిగిలి ఉంటే, ఒకడే కత్తీ గంటమూ పట్టాడని ఈపాటికి ఎవరో ఒకరు పుస్తకం రాసి ఉండేవారు.

ఇది మీకు అక్షరాలా పనికొచ్చే విషయం. మీరు పంపిన వంశవృక్షంలో ఒక పెద్దాయన దస్తావేజు మీద సాక్షి సంతకం చేశాడు. మీ లెక్క ప్రకారం అప్పటికి ఆయనకు నూరేళ్ళు దాటాలి. నాకు అక్కడ ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు. సింహాద్రి అప్పన్న నీడలో ఉన్న మన ఉత్తరాంధ్రలో అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం, పైడితల్లి, నూకరాజు అనే పేర్లు లేని ఇల్లు అరుదు. పైగా తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. తమిళులు మనవణ్ణి 'పేరన్' అంటారు, పేరు మోసేవాడని దానికి అర్థం చెబుతారు. కాబట్టి ఒక పేరు ఒక తరం వదిలి ఇంకో తరంలో వస్తూనే ఉంటుంది. అత్తారి ముందు ఆ పేరు నోటితో అనలేక కోడళ్ళు పిల్లవాణ్ణి బాబూ, అబ్బాయీ అని పిలిచేవారు. దాంతో అసలు పేరు ఇంట్లోవాళ్ళకే మరుగున పడేది.

దస్తావేజులో పేరు చూసి ఆగకండి, తండ్రి పేరు చూడండి. పెద, చిన అన్న అక్షరాలు ముందున్నాయేమో చూడండి. హద్దులు రాసిన చోట తూర్పున ఎవరి భూమి, పడమర ఎవరి భూమి అన్నది తప్పకుండా చదవండి. అన్నదమ్ములు పంచుకున్న చెక్కలు పక్కపక్కనే ఉంటాయి, మీకు తెలియని చినతాత ఆ హద్దుల్లో దొరకవచ్చు. చివర 'వ్రాలు' అని ఉంటే సంతకం. 'నిశాని' అని ఉంటే ఆయనకు అక్షరం రాదు, గీత గీశాడు. మీరు పంపిన ఫొటోలో రెండోచోట నిశాని పక్కన ఒక ఆడమనిషి పేరుంది. మీ వంశవృక్షంలో ఆవిడ లేదు. భూమి అమ్మడానికి ఆవిడ సమ్మతి కావలసి వచ్చిందంటే ఆ భూమిలో ఆవిడకు ఏదో హక్కు ఉన్నట్టే. ఆవిడ ఎవరో కనుక్కోండి. 'తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అన్నట్టు దివాన్లనూ దుబాసీలనూ వెతికి తాతలను చేసుకునేవాళ్ళు చాలామంది. నిశాని పెట్టిన ముత్తవ్వను వెతికేవాళ్ళు తక్కువ. మీరు వెతుకుతున్నారు, అందుకే ఇంత రాస్తున్నాను.

మీ అబ్బాయి ప్రశ్న మంచిది. మునుపు, మున్ను, ముందటేడు అన్నప్పుడు ముందు అంటే గడిచిపోయింది. ముందుచూపు, ముందుముందు అన్నప్పుడు రావలసింది. వెనకా అంతే. 'వెనకటికి ఒకడు' గతం, 'వాడి వెనక ఎవరూ లేరు' అంటే వారసులు లేరని. మాటలో ఇబ్బంది ఉండదు, సందర్భం చెబుతుంది. శీర్షికకు సందర్భం ఉండదు. టీవీల్లో 'ముందు తరాలకు అందిద్దాం' అనీ, 'ముందు తరాలవారు చెప్పారు' అనీ ఒకే వార్తలో వినిపిస్తుంటే చిరాకేస్తుంది. గడిచినవి మునుపటి తరాలు, రావలసినవి రాబోయే తరాలు అంటే నోరేమీ నొప్పి పుట్టదు. 'పూర్వీకులు' అనవచ్చా అంటే, పూర్వులు, పూర్వజులు నిష్కళంకమైన మాటలు. పూర్వీకులులోని దీర్ఘం మీద పండితులకు అభ్యంతరం ఉంది, వాడుక దాన్ని దాటిపోయింది. నేను దిద్దను. కానీ మన జిల్లాల్లో సంక్రాంతికి కొత్త బట్టలు పెట్టి, వండినవి పెట్టి తలచుకునేది ఎవరిని? పెద్దలను. ఆ పండగ పేరే పెద్దల పండగ. ముత్తాతలోని ముదు అన్నదీ అదే. మీ కాగితానికి 'మా పెద్దలు' అని పేరు పెడితే ఎవరికీ సందేహం రాదు, బతికున్న పెద్దలు నొచ్చుకోకపోతే.

ఇక రంగం. శ్రీరంగం కాదమ్మా. మన వైపు రంగం అంటే రంగూన్. భీమునిపట్నం, కళింగపట్నం, విశాఖ రేవుల్లో ఓడలెక్కి కూలికీ మిల్లు పనులకూ వెళ్ళిన వేల మంది గురించి 'రంగం పోయాడు' అనేవారు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. 1942లో జపాను బాంబులకు బెదిరి అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళున్నారు, దారిలో పోయినవాళ్ళున్నారు. 1960లలో తిరిగొచ్చినవాళ్ళకు ఇళ్ళిచ్చిన కంచరపాలెం బర్మా క్యాంపు మీకు దగ్గరే. అక్కడి పెద్దవాళ్ళను కలవండి. బర్మాలో తెలుగువాణ్ణి 'కోరంగీ' అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. కాబట్టి అక్కడి కాగితాలు ఏవైనా చేతికొస్తే 'తెలుగు' అన్న మాట కోసమే చూడకండి, కోరంగీ అన్న మాట కోసం కూడా చూడండి. 'తిరిగి రానందున' అంటే చనిపోయాడని కాదు, దస్తావేజు రాసేనాటికి రాలేదని మాత్రమే. ఆయన పేరు పక్కన మీరు 'సన్యాసి' అని రాసింది కొట్టేసి, ప్రస్తుతానికి 'రంగం' అని రాసి ఉంచండి.