చప్పుడు ఫ్యాన్‌దా, పైపుదా?

ప్రశ్న: అటకలో వేడి పోడానికి పెట్టించిన ఫ్యాన్ ఇన్నాళ్లూ ఉందో లేదో కూడా తెలిసేది కాదు. ఈమధ్య మధ్యాహ్నం అయ్యేసరికి గుర్రుమని మొదలెడుతుంది, బెడ్‌రూమ్ సీలింగ్ కూడా వణుకుతోంది. రాత్రికి దానంతటదే ఆగిపోతుంది. మోటార్ పోయింది, మార్చాలి అంటున్నాడు రిపేరు అబ్బాయి. మార్చేయమంటారా?

జవాబు: కాస్త ఆగండి. దానంతటదే మొదలై ఆగడం జబ్బేం కాదండి, లోపల థర్మోస్టాట్ ఉంటుంది, అటక వేడెక్కితే వేస్తుంది, చల్లబడితే ఆపుతుంది. పైకెక్కేముందు ఇదే గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇప్పుడు తిరగట్లేదు కదా అని మీరు రెక్క మీద చెయ్యేసిన టైములోనే అది మొదలవ్వచ్చు. అందుకని మెయిన్ బోర్డులో బ్రేకర్ దించేసే ఎక్కండి. కాళ్లు కూడా దూలాల మీదే పెట్టండి, మధ్యలో సీలింగ్ బోర్డు మీద పెట్టారంటే మీ కాలు కింద మంచం మీద పడుకున్నవాళ్లకి కనిపిస్తుంది.

సీలింగ్ వణుకుతోంది అన్నారు కాబట్టి నా అనుమానం మోటార్ మీద కాదు, బిగింపు మీద. ఫ్యాన్ ఫ్రేమ్‌ని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూడండి, కదిలితే స్క్రూలు వదులైపోయినట్టే, బిగించి చెక్కకీ ఫ్రేమ్‌కీ మధ్య రబ్బరు వాషర్లు వేస్తే సగం గోల అక్కడే పోతుంది. తర్వాత రెక్కలు చూడండి. దుమ్ము ఒక రెక్కకి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ పట్టినా బ్యాలెన్స్ తప్పి ఊగుతుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వంకరపోయిన రెక్కని మాత్రం చేత్తో సరిచేద్దామని చూడకండి, అది ఎప్పటికీ కుదరదు, రెక్కల సెట్టే మార్చుకోవాలి. రెక్కల్ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది, అది కూడా బిగించండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇప్పుడు రెక్కని వేలితో మెల్లగా తిప్పండి. సాఫీగా తిరిగి మెల్లగా ఆగితే మోటార్ బానే ఉంది. ఇసక నలిగినట్టు గరగరమంటూ తిరిగినా, ఇరుసు అటూ ఇటూ కదిలినా బేరింగ్ అరిగిపోయింది, అప్పుడు మీ రిపేరు అబ్బాయి మాటే కరెక్టు. మోటార్ మీద నూనె వేసే చిన్న రంధ్రాలుంటే మోటార్లకి వాడే నూనె రెండు మూడు చుక్కలు వేసి చూడండి. వంటనూనె వద్దు, జిగురై పట్టేస్తుంది. రంధ్రాలు లేవంటే అది సీల్డ్ బేరింగ్, నూనె వేసినా లోపలికి పోదు. రెక్క తిరక్కుండా ఊరికే జుమ్మని హమ్ చేస్తుంటే మాత్రం కండెన్సరో వైండింగో పోయి ఉండొచ్చు, అది ఎలక్ట్రీషియన్ పని.

ప్రశ్న: మా బట్టల డ్రయర్ పైపు బయటికి వచ్చే చోట మూత రాత్రంతా టపటపా కొట్టుకుంటోందని మా ఆయన సన్న మెష్ కట్టేశారు. చప్పుడు పోయింది గానీ ఇప్పుడు బట్టలు రెండుసార్లు తిప్పితేగానీ ఆరట్లేదు.

జవాబు: అమ్మా, ఆ మెష్ ఇవాళే విప్పేయమనండి. బట్టల నుంచి రాలే పీచు ఆ మెష్‌కి పట్టి, పాత పరుపులో దూదిలా గట్టిపడి దారి మూసేస్తుంది, ఆ పీచుకి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, డ్రయర్ వల్ల ఇళ్లు కాలడానికి అదొక ముఖ్య కారణం. మీది గ్యాస్ డ్రయర్ అయితే ఇంకా ప్రమాదం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది, కాబట్టి శుభ్రం చేసేదాకా వాడొద్దు.

మిషను ఆపున్నప్పుడు కూడా కొట్టుకుంటోందంటే అది గాలికే. మూత పూర్తిగా మూసుకోవట్లేదేమో చూడండి, తరచుగా పీచు ముద్దే దాని మడతలో ఇరుక్కుని ఉంటుంది. తీసేసినా కొట్టుకుంటుంటే, లోపలి గాలికి తేలిగ్గా లేచి బయటి గాలికి లేవని రకం మూతలు దొరుకుతాయి, అది పెట్టించుకోండి. మెష్ లేనిదే తీసుకోండి.

పనిలో పనిగా మొత్తం పైపు కూడా చూడండి. నున్నటి రేకు పైపు, 4 అంగుళాలది ఉండాలి, ముడతల ప్లాస్టిక్ గొట్టమైతే మార్చేయండి, ఆ ముడతల్లోనే పీచు చేరుతుంది. అతుకులకి రేకు టేపు వేయాలి, లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలు కొడితే వాటికీ పీచు పట్టేస్తుంది. పొడుగు మాటకొస్తే అమెరికా ఇళ్ల కోడ్‌లో మామూలు లెక్క ఎక్కువలో ఎక్కువ 35 అడుగులు, అందులోంచి ఒక్కో మామూలు 90 డిగ్రీల వంపుకి 5 అడుగులు తీసేస్తారు. పైపుని అటకలోకి వదిలేసిన ఇళ్లు కూడా నేను చూశాను, పీచూ తేమా అంతా అక్కడే పేరుకుంటుంది, అలా మాత్రం ఎప్పుడూ చేయకండి.

ప్రశ్న: డ్రయర్ వేయగానే దబ్ దబ్ మంటుంది, కాసేపటికి తగ్గిపోతుంది. ఇది కూడా పైపేనా?

జవాబు: పైపు కాదండి. డ్రమ్ము కింద రబ్బరు రోలర్లు ఉంటాయి, మిషను చాలాసేపు ఆగి ఉంటే బరువు పడ్డ చోట అవి కాస్త చదునవుతాయి, తిరిగి వేడెక్కాక సర్దుకుంటాయి, ఏం పర్లేదు. ఎంతసేపు తిరిగినా తగ్గకపోతే రోలర్లు అరిగిపోయినట్టు, అన్నీ ఒకేసారి మార్పించి, విప్పారు కదాని బెల్టు కూడా చూడమనండి. అంతకంటే ముందు జీన్స్ జేబుల్లో చిల్లర ఉందేమో చూసుకోండి, నేను ఒకసారి మిషను మొత్తం విప్పాక తెలిసింది నాకు ఆ సంగతి.